నత్త, గేదె, కాలువనీరు: పేడ పరీక్ష చెప్పే సంగతులు

పశువులకు వచ్చే జబ్బులను రెండు తెగలుగా విభజించవచ్చును. మొదటి తెగకు చెందినవి ఊరంతటికీ తెలిసేటట్లు వస్తాయి. గొంతువాపు సోకిన గేదె ఉదయం మేత మాని, మరునాటికి కన్నుమూయవచ్చును. గాలికుంటు వచ్చిన ఎద్దు నోట చొంగ కార్చుతూ, గిట్టల సందున పుండ్లతో అడుగు తీసి అడుగు వేయలేక నిలబడిపోతుంది. ఒకప్పుడు మందలకు మందలనే తుడిచిపెట్టిన పెద్దరోగం కూడా ఇట్టిదే. టీకాల మూలంగా ఆ రోగం భూమిమీద లేకుండా పోయినదని 2011లో అంతర్జాతీయ సంస్థలు ప్రకటించినవి. మన దేశంలో అది చివరిసారి కనిపించినది 1995లో.

రెండవ తెగ జబ్బులు చప్పుడు చేయవు. గేదె మేస్తూనే ఉంటుంది, నెమరు వేస్తూనే ఉంటుంది. కాని పాలు కొంచెం కొంచెంగా తగ్గుతాయి. ఈతకూ ఈతకూ మధ్య ఎడం పెరుగుతుంది. వెంట్రుక గరుకెక్కుతుంది. మేత చాలలేదనో, వయసు మళ్ళినదనో, దిష్టి తగిలినదనో ఇంటివారు అనుకుంటారు. ఒక్కసారిగా చచ్చిన పశువును చూసి ఊరు కలత చెందుతుంది. ఏళ్ళతరబడి రోజుకు అరలీటరు పాలు తక్కువ ఇచ్చిన పశువును గురించి ఎవరూ మాట్లాడుకోరు. అయినా పాలమీద బ్రతికే చిన్న రైతు ఇంట ఈ రెండవ నష్టమే ఎక్కువ కావచ్చును.

ఇట్టి చప్పుడులేని జబ్బులలో ముఖ్యమైనది కాలేయపు జలగ వ్యాధి. దీనిని కంటితో చూసి నిర్ణయించడం కష్టం. చిటికెడు పేడను నీటిలో కలిపి, తేర్చి, సూక్ష్మదర్శిని క్రింద ఉంచితే మాత్రం అది తన ఆచూకీ తానే చెబుతుంది. ఆ పరీక్ష ఏ సూత్రంమీద నడుస్తుందో, అది ఏమి చెప్పగలదో, ఏమి చెప్పలేదో ఈ వ్యాసంలో వివరిస్తాను.

కృష్ణా డెల్టా ఎందుకు అనుకూలమైనది?

బెజవాడ వద్ద కృష్ణకు ఆనకట్ట 1855లో పూర్తి అయినది. దాని స్థానంలో ప్రకాశం బరాజు 1957లో వచ్చినది. ఆనాటి నుండి నది నీరు బందరు కాలువ మొదలైన పెద్ద కాలువలలోనికి, వాటి నుండి పిల్లకాలువలలోనికి, అక్కడి నుండి పంటబోదెలలోనికి పారుతూ గుడివాడ, మచిలీపట్నం ప్రాంతాలను, పులిగడ్డ వద్ద నది రెండుగా చీలగా ఏర్పడిన దివిసీమను వరిపొలాలుగా మార్చినది. నీరు వచ్చిన చోటికి వరి వచ్చినది. వరి ఉన్న చోట గడ్డి ఉన్నది. గడ్డి, నీరు ఉన్న చోట గేదె ఉన్నది. ఎండపొద్దున నీటిలో పడుకోకపోతే గేదెకు తోచదు. దాని నల్లని చర్మంలో చెమట గ్రంథులు తక్కువ కావడమే దీనికి కారణం.

అయితే ఈ నీటినే నమ్ముకొని మరొక ప్రాణి ఉన్నది. అది నత్త. నెమ్మదిగా పారే నీరు, నాచు, బురద అంచు, నీటిమొక్కల ఆకులు దానికి కావలసిన వసతులు. పంటబోదెలోనూ, ఊరచెరువు గట్టునా ఇవన్నీ దొరుకుతాయి. మనము చెప్పుకోబోయే నత్తలు మంచినీటి జాతులు, ఉప్పునీటిలో బ్రతకవు. కాబట్టి మచిలీపట్నం తీరాన సముద్రపు పోటు ఎక్కే ఏరులలోను, దివిసీమ అంచున మడ అడవులలోను వీటికి చోటు లేదు. మంచినీటి కాలువ ఎంతవరకు పోతే అంతవరకే నత్త పోతుంది. నత్త పోయినంత మేరకే ఆ వ్యాధి పోగలుగుతుంది. మైదానపు పటంమీద ఉప్పునీటి హద్దు గీస్తే దాదాపు అదే ఈ వ్యాధికి కూడా హద్దు అని గ్రహించాలి.

జలగ జీవితకథ

కాలేయపు జలగ అని పిలుస్తున్నా ఇది చెరువులో కాళ్ళకు పట్టే జలగ వంటిది కాదు. చెరువు జలగ వానపాముకు చుట్టం. ఇది చదునైన, ఆకు ఆకారపు పురుగు. మన దేశపు పశువులలో ఎక్కువగా కనిపించే జాతికి ఫాసియోలా జైగాంటికా అని పేరు. 1855లో కాబోల్డ్ అనే ఆంగ్ల శాస్త్రజ్ఞుడు ఒక జిరాఫీ కాలేయంలో దీనిని చూచి వర్ణించినాడు. దీని పొడవు 25 నుండి 75 మిల్లీమీటర్లు, వెడల్పు 12 మిల్లీమీటర్ల వరకు ఉంటుంది. దీని నివాసం పశువు కాలేయంలోని పైత్యరస నాళాలు.

అక్కడ అది పెట్టిన గుడ్లు పైత్యరసంతో పేగులోనికి దిగి, పేడతో బయటపడతాయి. పేడ పొడినేలమీద పడి ఎండిపోతే గుడ్లు చస్తాయి. నీటిలో పడితే మన వేడికి రెండు మూడు వారాలలో ఒక్కొక్క గుడ్డు మూత తెరచుకొని, ఒంటినిండా సన్నని నూగు వంటి కేశికలున్న డింభకం బయటకు వస్తుంది. దీనికి మిరాసీడియం అని పేరు. దీనికి నోరుండి తినే యోగ్యత లేదు. గుడ్డులో కూడబెట్టుకొన్న శక్తి సుమారు ఒక రోజుకు సరిపోతుంది. ఆ ఒక్కరోజులో తగిన నత్త దొరకాలి. లేకపోతే చావు తప్పదు.

ఆ తగిన నత్త లిమ్నియా అనే జాతికి చెందినది. దాని గుల్ల పలుచన. చివర మొనదేలి, క్రింది చుట్టు బాగా వెడల్పుగా ఉంటుంది. నత్త శరీరంలో ఒక్క మిరాసీడియం రూపాలు మార్చుకొంటూ, ప్రతి దశలోను పిల్లలను కంటూ, సుమారు రెండు నెలల తరువాత కొన్ని వందల తోకడింభకాలుగా బయటపడుతుంది. వీటిని సెర్కేరియాలు అంటారు. ఇవి ఈది పోయి గడ్డిపోచకో, వరి మొదలుకో అతుక్కొని, తోక వదలి, చుట్టూ గట్టి తొడుగు కట్టుకొంటాయి. కొన్ని నీటిపైనే తేలుతూ తొడుగు కట్టుకొంటాయి. ఆవగింజలో పదో వంతు కూడా లేని ఈ కోశాన్ని గడ్డితోనో నీటితోనో పశువు మ్రింగుతుంది.

చిన్నపేగులో కోశం విచ్చుకొని పిల్లజలగ వెలువడుతుంది. అది పేగు గోడను తొలుచుకొని ఉదరకుహరంలోనికి పోయి, కాలేయపు పైపొరను చీల్చి, ఆ మెత్తని కణజాలాన్ని తింటూ వారాలతరబడి సొరంగాలు త్రవ్వుతుంది. చివరకు పైత్యరస నాళం చేరి ఎదిగి గుడ్లు పెట్టసాగుతుంది. మ్రింగిన నాటి నుండి పేడలో మొదటి గుడ్డు కనిపించేసరికి మూడు నుండి నాలుగు నెలలు పడుతుంది.

ఈ కథను మొదట విప్పినది ఐరోపాలో. 1879, 1880 సంవత్సరాలలో వానలు మిక్కుటమై ఇంగ్లండులో సుమారు 30 లక్షల గొర్రెలు జలగ వ్యాధితో చచ్చినవి. ఆ నష్టం చూచి అక్కడి వ్యవసాయ సంఘం ఆక్స్‌ఫర్డుకు చెందిన థామస్ అనే యువకుని పరిశోధనకు నియోగించినది. జర్మనీలో ల్యూకార్ట్ అనే ఆచార్యుడు స్వతంత్రంగా అదే పనిలో ఉన్నాడు. 1883 నాటికి ఇద్దరూ నత్తే మధ్యవర్తి అని నిరూపించినారు. వారు చూచినది చలిదేశపు జలగను, చలిదేశపు నత్తను. మన జలగ, మన నత్త వేరు జాతులు. కాని ఆ చక్రం మాత్రం అదే.

లెక్క ఏమి చెబుతున్నది?

ఈ దశలన్నిటిని మన కాలువల పంచాంగంమీద పరచి చూడండి. వేసవిలో కాలువలు కట్టివేస్తారు. వానకాలం మొదట్లో మళ్ళీ నీరు వదులుతారు. జూలై మొదటివారంలో ఒక గుడ్డు బోదెలో పడినదనుకొందాము. మూడు వారాలకు, అంటే నెలాఖరుకు, అది పొదగబడుతుంది. నత్తలో రెండు నెలలు గడిచేసరికి సెప్టెంబరు చివర. కోశం గడ్డికి అంటుకొని, దసరా నాటికి పశువు నోట పడుతుంది. అక్కడి నుండి మరి మూడు నాలుగు నెలలు కలిపితే సంక్రాంతి దాటుతుంది.

కాబట్టి మాఘమాసంలో పేడలో గుడ్డు కనిపిస్తే, ఆ పశువు ఆశ్వయుజంలో కోశం మ్రింగినదని అర్థం. పేడ పరీక్ష నేటి సంగతి చెబుతున్నట్లు తోచినా, నిజానికి అది మూడు నెలల క్రిందటి సంగతి చెబుతున్నది. అంతేగాక ఈ మూడు నెలలలో కాలేయాన్ని తొలిచే పిల్లజలగ ఎంత హాని చేసినా పేడలో గుడ్డు ఉండదు. గుడ్డు లేదు గనుక రోగం లేదనుకోవడం తొందరపాటు అవుతుంది. ఈ పరిమితిని ప్రతి విద్యార్థీ జ్ఞాపకం పెట్టుకోవాలి.

మరొక చిన్న లెక్క. మూడు గ్రాముల పేడలో 30 గుడ్లు కనిపించినవనుకొందాము. గ్రాముకు 10. చూడడానికి స్వల్పమే. కాని గేదె రోజుకు 15 కిలోల పేడ వేస్తే, ఆ ఒక్క పశువు నుండి రోజుకు 1,50,000 గుడ్లు బయటపడుతున్నట్లు. వాటిలో అధికభాగం చస్తాయి. నూటికి ఒకటైనా మిగిలి నత్తను చేరితే 1,500 నత్తలు అంటుకొంటాయి. ఒక్కొక్క నత్త కొన్ని వందల కోశాలను గడ్డికి అంటిస్తుంది. ఒక్క పశువు ఊరిబోదెకంతటికీ విత్తనపు బస్తా కాగలదు.

దవడ క్రింద నీరు ఎందుకు దిగుతుంది?

ముదిరిన జలగ వ్యాధిలో పశువు దవడ క్రింద మెత్తని వాపు వ్రేలాడుతుంది. వేలితో నొక్కితే సొట్టపడి, కొంతసేపటికి గాని పూడదు. దీని కారణం భౌతికశాస్త్రం చదివినవారికి సులభంగా బోధపడుతుంది.

రక్తంలో ఆల్బుమిన్ అనే మాంసకృత్తు ఉన్నది. రక్తనాళాల లోపలి నీరు బయటి కణజాలంలోనికి జారిపోకుండా పట్టి ఉంచేది ముఖ్యంగా ఈ ఆల్బుమిన్ వలన కలిగే ద్రవాభిసరణ పీడనమే. ఆల్బుమిన్‌ను తయారుచేసేది కాలేయం. కాలేయాన్ని జలగ తొలిచివేస్తే తయారీ తగ్గుతుంది. ఎదిగిన జలగలు నాళాలలో రక్తం త్రాగడం వలన, గాయపడిన గోడల గుండా రసం ఊరిపోవడం వలన ఉన్న ఆల్బుమిన్ కూడ పేగులోనికి పోతుంది. తయారీ తక్కువ, ఖర్చు ఎక్కువ. పట్టు సడలిన నీరు నాళాల నుండి బయటకు వస్తుంది. మేసేటప్పుడు తల వంగి ఉంటుంది గనుక ఆ నీరు పల్లమైన దవడ క్రిందికి చేరుతుంది. కనురెప్ప లోపలిభాగం పాలిపోయి ఉండడం రక్తక్షయానికి గుర్తు.

ఇక్కడే మేత సంగతి వస్తున్నది. డెల్టా పశువుకు ప్రధానాహారం వరిగడ్డి. ఎండిన వరిగడ్డిలో మాంసకృత్తులు నూటికి మూడు నాలుగు పాళ్ళే. పశువు మొదటి పొట్టలో గడ్డిని జీర్ణింపచేసే సూక్ష్మజీవులు బాగా పనిచేయడానికే మేతలో నూటికి ఏడు పాళ్ళయినా ఉండాలి. పైగా వరిగడ్డిలో సిలికా అధికం. అందులోని ఆక్సలేటులు సున్నపు ధాతువును పట్టి, పశువుకు అందకుండా చేస్తాయి. ఈ విధంగా ఒకవైపు జలగ మాంసకృత్తును దోచుకొంటూ ఉంటే, మరొకవైపు మేత దానిని పూడ్చలేకపోతున్నది. తవుడు, తెలకపిండి పెట్టే ఇంటి గేదె, వట్టి గడ్డి తినే గేదె ఒకే బోదెలో నీరు త్రాగినా, రెండవదే ముందు చిక్కిపోవడానికి ఇది కారణం.

మన పెద్దలు వరికోతకు ముందే చేలో పిల్లిపెసర, జనుము చల్లే పద్ధతి ఈ లోటును కొంత తీర్చేది. అవి పప్పుజాతి పైరులు. వాటి వేళ్ళ బుడిపెలలోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి ఇస్తాయి. అందుచేత వాటి మేతలో మాంసకృత్తులు వరిగడ్డిలోకంటె మూడు నాలుగు రెట్లు ఉంటాయి. అవి లేని చోట వరిగడ్డిని యూరియాతో మాగవేసే పద్ధతి ఉన్నది. 100 కిలోల గడ్డికి 4 కిలోల యూరియాను సుమారు 60 లీటర్ల నీటిలో పూర్తిగా కరగించి, పొరపొరకూ చల్లి, గాలి చొరకుండ కప్పి మూడు వారాలు ఉంచితే, వెలువడిన అమోనియా గడ్డిని మెత్తబరచి, నత్రజనిని పెంచుతుంది. యూరియాను తూచకుండా వాడితే విషమవుతుంది గనుక పశువైద్యుని సలహాతోనే ఈ పని చేయాలి.

పరీక్ష: మునిగేవి, తేలేవి

ఇక పరీక్ష. దీనికి కావలసిన సామగ్రి ఏ ఉన్నత పాఠశాలలోనైనా దొరుకుతుంది: రెండు గాజు గ్లాసులు, టీ వడపోసే జల్లెడ, గాజుపలకలు, సూక్ష్మదర్శిని, కొంచెం మిథిలీన్ బ్లూ రంగు.

మొదట, అప్పుడే వేసిన పేడలో నేలకు తగలని భాగం నుండి మూడు గ్రాములు తీసి గ్లాసెడు నీటిలో బాగా కలపాలి. జల్లెడలో వడపోస్తే గడ్డిపీచు పైన నిలుస్తుంది. గుడ్లు నీటితో దిగుతాయి. గ్లాసును కదలించకుండ కొన్ని నిమిషాలు ఉంచాలి. అడుగున మడ్డి చేరిన తరువాత పైనీటిని మెల్లగా వంచివేసి, మళ్ళీ మంచినీరు పోయాలి. పైనీరు తేటపడేవరకు ఈ విధంగా మూడు నాలుగుసార్లు చేయాలి. చివరకు మిగిలిన మడ్డిలో ఒక చుక్క రంగు కలిపి, గాజుపలకమీద వేసి, నూరురెట్లు పెద్దదిగా చూపే కటకంతో చూడాలి. మడ్డి నీలంగా కనబడుతుంది. జలగగుడ్డు పెంకు రంగు పట్టదు. కాబట్టి నీలిరంగు నేలమీద బంగారపు పసుపు వన్నెలో, కోడిగుడ్డు ఆకారంలో, ఒక కొనన చిన్న మూతతో అది కనిపిస్తుంది. దాని పొడవు ఒక మిల్లీమీటరులో ఆరవ వంతు ఉంటుంది.

పైనీటిని పారబోస్తే గుడ్లు పోవా? ఇది మంచి ప్రశ్న. ద్రవంలో మునిగే చిన్న గోళం వేగం దాని వ్యాసపు వర్గాన్ని అనుసరించి ఉంటుందని స్టోక్సు సూత్రం చెబుతున్నది. వ్యాసం రెట్టింపయితే వేగం నాలుగు రెట్లు. పది రెట్లయితే వేగం నూరు రెట్లు. జలగగుడ్డు సూక్ష్మజీవుల ప్రమాణంలో ఏనుగు వంటిది. అది రెండు మూడు నిమిషాలలో గ్లాసు అడుగు చేరుతుంది. పేడకు రంగునిచ్చే సన్నని నలుసులు గంటలతరబడి తేలుతూనే ఉంటాయి. వాటిని వంచివేయడమే మన పని. సూత్రం తెలియనివాడు గంటలతరబడి ఆగితే అన్నీ అడుగున చేరి, గుడ్డును వెదకడం దుస్సాధ్యమవుతుంది.

ఏలికపాముల వంటి గుండ్రని పురుగుల గుడ్లకు ఇందుకు విరుద్ధమైన పద్ధతి వాడతారు. ఇవి దూడలకు ముఖ్యశత్రువులు. గేదెదూడలలో పెద్ద ఏలికపాము తల్లిపాల ద్వారానే వస్తుంది. పుట్టిన కొద్దివారాలకే పారుడు, పొట్ట ఉబ్బు కలిగించి దూడను పొట్టనపెట్టుకొంటుంది. వీటి గుడ్లు తేలిక. ఉప్పును ఇక కరగనంతవరకు నీటిలో కరగిస్తే ఆ సంతృప్త ద్రావణం నీటికంటె 1.2 రెట్లు బరువు. అందులో పేడను కలిపి ఉంచితే ఏలికపాముల గుడ్లు పైకి తేలుతాయి. పైన ఆనించిన గాజుపలకకు అంటుకొంటాయి. జలగగుడ్లు ఇందులో తేలవు. ఆర్కిమిడీసు చెప్పిన సూత్రమే ఇక్కడ రెండు రోగాలను వేరుపరుస్తున్నది. ఉప్పునీటి పరీక్ష ఒక్కటే చేసి జలగలు లేవనడం శాస్త్రసమ్మతం కాదు.

ఒక చిక్కు ఉన్నది. పశువు మొదటి పొట్టలో కాపురముండే మరొక జలగ కలదు. దీనిని పొట్టజలగ అంటారు. దాని గుడ్లు కూడ మునుగుతాయి, ఇంచుమించు అదే పరిమాణంలో ఉంటాయి. తేడా వర్ణంలో ఉన్నది: కాలేయపు జలగ గుడ్డు పసుపు, పొట్టజలగ గుడ్డు రంగులేక తేటగా ఉంటుంది. పొట్టజలగల పిల్లలు చిన్నపేగును పీక్కుతినేటప్పుడు పశువు నీళ్ళవలె పారుకొని చావవచ్చును. కాని ఆ దశలో గుడ్లుండవు. అట్టి సమయంలో పారిన పేడను కడిగి వెదికితే పిల్లజలగలే కంటికి కనబడవచ్చును.

గుడ్డు పుట్టకముందే జలగను పసిగట్టే పరీక్షలు కూడ నేడు ఉన్నవి. జలగ వదలే పదార్థాలను పేడలోను, వాటికి ప్రతిగా పశువు శరీరం తయారుచేసే ప్రతిరక్షకాలను రక్తంలోను ఎలీసా అనే పద్ధతితో గుర్తిస్తారు. ప్రతిరక్షకాలు జలగ ప్రవేశించిన కొద్దివారాలకే కనిపిస్తాయి. అయితే జలగ చచ్చిన తరువాత కూడ అవి కొన్నాళ్ళుంటాయి. ప్రతి పరీక్షకూ దాని బలం, దాని బలహీనత ఉన్నవి. ఊరి పశువైద్యశాలలో చవకగా, వెంటనే జరిగేది పేడ పరీక్షే. గన్నవరంలో 1998 నుండి పశువైద్య కళాశాల ఉండడం ఈ జిల్లావారికి మరొక సౌకర్యం.

గురక వ్యాధి

కాలువనీటి నత్తలు మోసే మరొక రోగాన్ని గురించి చెప్పకపోతే ఈ కథ పూర్తి కాదు. కొన్ని ఎద్దులు ఊపిరి పీల్చేటప్పుడు బిగ్గరగా గురక పెడతాయి. ముక్కులో పువ్వుకోసు వంటి కండ పెరిగి దారి మూస్తుంది. అరకకు కడితే ఆయాసపడి నిలిచిపోతాయి. మద్రాసు పశువైద్య కళాశాలకు చెందిన ఎం. అనంతనారాయణరావు 1933లో దీనికి కారణమైన పురుగును వర్ణించి షిస్టోసోమా నాసాలే అని పేరు పెట్టినారు. అది ముక్కు లోపలి సిరలలో నివసించే సన్నని పురుగు. దాని గుడ్డుకు ముల్లు ఉంటుంది. కాబట్టి ఇక్కడ పరీక్షించవలసినది ముక్కు చీమిడి. పేడలో ఎంత వెదకినా గుడ్డు దొరకదు.

చీమిడి నీటిలో పడితే గుడ్డు పొదగబడి మరొక నత్తను చేరుతుంది. దాని పేరు ఇండోప్లానార్బిస్ ఎక్సస్టస్. గుల్ల చదునుగా పొట్టేలు కొమ్మువలె చుట్టుకొని ఉంటుంది. దాని నుండి వెలువడిన సెర్కేరియాలు గడ్డికి అంటుకొనవు. నీటిలో దిగిన పశువు చర్మాన్నే తొలుచుకొని లోపలికి పోతాయి. విశేషమేమనగా, గేదెలకు ఈ పురుగు సోకినా గురక అరుదు. ఆవుజాతి పశువులకే బాధ ఎక్కువ. గురక లేని గేదె, గురక పెట్టే ఎద్దుకు రోగం అందించే మూలం కాగలదు. పరీక్షలేనిదే ఈ మూలం తెలియదు. ఇట్టి సెర్కేరియాలు పొలంలో దిగిన మనుషుల కాళ్ళలోకి కూడ చొరబడబోయి, చర్మంలోనే చచ్చి, దురద, దద్దురు కలిగిస్తాయి. నాట్లువేసే కూలీల కాళ్ళదురదకు ఇదొక కారణం.

చక్రాన్ని ఎక్కడ తెంచాలి?

జలగకు రెండు ఇళ్ళు, వాటి మధ్య రెండు ప్రయాణాలు: పేడ నుండి నత్తకు, నత్త నుండి గడ్డికి. ఏ ఒక్కటి తెగినా చక్రం ఆగుతుంది.

మొదటిది మందు. ఆక్సిక్లోజనైడు వంటి మందులు ఎదిగిన జలగలను చంపుతాయి. 1980 దశకంలో వచ్చిన ట్రైక్లాబెండజోలు పిల్లజలగలను కూడ చంపుతుంది. కాని మందును పరీక్షలేకుండ, తూకంలేకుండ తరచుగా పోస్తే, తట్టుకొనగల జలగలు మిగిలి వృద్ధిపొందుతాయి. ఆస్ట్రేలియాలో 1990 దశకంలోనే ఇట్టి జలగలు బయటపడినవి. మందు ఇచ్చిన తరువాత వైద్యుడు చెప్పినన్ని రోజులు పాలు వాడకూడదు. కొన్ని వారాలకు మళ్ళీ పేడ పరీక్ష చేస్తేనే మందు పనిచేసినదీ లేనిదీ తేలుతుంది.

రెండవది పేడ. బోదెగట్టున పోసిన పేడ వానకు నీటిలోనికి కొట్టుకొనిపోతుంది. గోతిలో కుప్పవేసి కప్పితే లోపల పుట్టే వేడికి గుడ్లు చస్తాయి. ఎరువు బలం కూడ నిలుస్తుంది.

మూడవది నత్త. మైలుతుత్తం చల్లితే నత్తలు చస్తాయి, వాటితో చేపలు కూడ చస్తాయి. చేపలచెరువులు విస్తారంగా ఉన్న గుడివాడ, కైకలూరు ప్రాంతాలకు ఇది తగదు. బాతులు నత్తలను తింటాయి. ఇండొనీషియాలో పరిశోధకులు మరొక చమత్కారం గమనించినారు. బాతులలో ఉండే వేరొక పురుగు డింభకాలు కూడ ఇదే నత్తలో పెరుగుతూ, అక్కడి కాలేయపు జలగ డింభకాలను మ్రింగివేస్తాయి. అందుచేత పశువులశాల ప్రక్కనే బాతులగూడు కట్టి, రెండింటి మలం ఒకేచోట నీటిని చేరేటట్లు చేసినారు.

నాలుగవది మేత. కోశాలు నీటిలో మునిగిన గడ్డి మొదళ్ళమీద అధికంగా ఉంటాయి, ఎండకు తట్టుకొనవు. పచ్చిగడ్డి కోసేటప్పుడు నీటిమట్టానికి పైన కోయడం, వరిగడ్డిని బాగా ఎండబెట్టి వామివేసి కొన్ని నెలలకు వాడడం మంచిది. పశువుకు బోదెనీటికి బదులు తొట్టినీరు పెట్టడం ఇంకా మంచిది.

ఈ నాలుగింటిలో ఏ ఒక్కటీ సంపూర్ణం కాదు. ఊరిలో ఒక్క ఇల్లు పాటించి తక్కిన ఇళ్ళు మానినా ఫలం తక్కువ, బోదె అందరిదీ.

పాఠశాలలో చేయదగిన పని

ఉపాధ్యాయులకు ఒక మనవి. జీవశాస్త్రంలో పరాన్నజీవి జీవితచక్రం బొమ్మగా గీయిస్తాము. భౌతికశాస్త్రంలో సాంద్రత లెక్కలు చేయిస్తాము. ఆ రెండు పాఠాలూ ఒక్క గ్లాసులో కలిసే ప్రయోగం ఇది. విద్యార్థులు తమ ఇంటి పశువుల పేడను మూతగల సీసాలో తెచ్చి, సీసాపై పశువు వయసు, ఈతల సంఖ్య, నీరు త్రాగే చోటు, ప్రధానమైన మేత వ్రాయాలి. పరీక్ష అదేరోజున జరగాలి. చేతితొడుగులు వేసుకొని, పని ముగిసిన తరువాత సబ్బుతో చేతులు కడుగుకోవాలి. ఫలితాలను కాలువ వెంట ఒక పటంమీద గుర్తిస్తే, ఏ బోదె వెంట గుడ్లు ఎక్కువో, తొట్టినీరు త్రాగే పశువులలో ఎంత తక్కువో విద్యార్థులే కనుగొనగలరు. సంక్రాంతి సెలవుల తరువాత ఒకసారి, కాలువలు కట్టకముందు ఒకసారి చేస్తే పోలిక కుదురుతుంది. గుడ్లు కనబడిన పశువును గురించి దగ్గరి పశువైద్యునికి తెలియజేయాలి. మందు నిర్ణయించడం ఆయన పని.

మూడు గ్రాముల పేడ, గ్లాసెడు నీరు, పావుగంట కాలం: ఇంతటితో పాలు ఎందుకు తగ్గినవో తెలుసుకొనే అవకాశం ఉన్నప్పుడు, దిష్టి తీసి ఊరుకోవడం ఇక న్యాయం కాదు.